కర్టెన్ రింగులతో తెరచాప కట్టిన దీవి

ఇంగ్లండు వెళ్ళిన మనవాళ్ళు లండన్ చూస్తారు, రాజుగారి కోట చూస్తారు, పెద్ద గడియారం ముందు నిలబడి ఫొటో దిగుతారు, వచ్చేస్తారు. పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చే అమ్మలూ, అత్తగార్లూ కూడా అంతే. ఆ దేశానికి దక్షిణపు అంచున, పోర్ట్స్‌మత్ ఊరి పక్కనే హేలింగ్ అని ఒక చిన్న దీవి ఉంది. దాని పేరు గైడు పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. మా అమ్మాయి వాళ్ళు పోర్ట్స్‌మత్‌లో ఉండబట్టి నాకు ఆ దీవి చూసే భాగ్యం కలిగింది. నాకైతే లండన్ కంటే ఇదే ఎక్కువ నచ్చింది.

లండన్‌లో వాటర్లూ స్టేషన్లో రైలెక్కితే గంటన్నర అటూ ఇటూగా హావంట్ అనే ఊళ్ళో దిగొచ్చు. అక్కణ్ణించి బస్సు. కొద్ది నిమిషాల్లోనే లాంగ్‌స్టన్ వంతెన వస్తుంది. దీవిలోకి బండి మీద పోవాలంటే ఈ వంతెన ఒక్కటే దారి. 1824లో ఇక్కడ మొదట కొయ్య వంతెన కట్టారట. ఇప్పుడున్న కాంక్రీటు వంతెన 1956లో వచ్చింది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు వెళితే రెండు పక్కలా నీళ్ళు తళతళలాడుతూ కనిపిస్తాయి. ఆటు వేళకు వెళ్ళామా, నీళ్ళన్నీ ఎవరో ఎత్తుకుపోయినట్టు మాయమై, కనుచూపు మేర నల్లటి బురద! ఆ బురదే పక్షులకి పంచభక్ష్య పరమాన్నం. చలికాలంలో సైబీరియా మంచు ప్రాంతాల నుంచి నల్ల బాతులు గుంపులు గుంపులుగా వచ్చి ఇక్కడే మకాం వేస్తాయి.

వంతెన పక్కనే నీళ్ళల్లో వరసగా మొండి స్తంభాలు కనిపించాయి. ఒకప్పుడు దీవిలోకి చిన్న రైలు వెళ్ళేదట. ‘హేలింగ్ బిల్లీ’ అని ముద్దు పేరు. రైలు వంతెన కొయ్యది, బలహీనం. అందుకని బుల్లి ఇంజన్లు తప్ప పెద్దవి ఎక్కనిచ్చేవారు కాదు. వంతెన బాగు చేయించడానికి డబ్బు చాలా అవుతుందని 1963లో రైలే ఆపేశారు. ఆ పట్టాల దారి ఇప్పుడు నడిచేవాళ్ళకీ, సైకిళ్ళ వాళ్ళకీ బాట అయింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా హాయిగా నడవొచ్చు, ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు.

దీవి దక్షిణపు ఒడ్డు వేరే రకం. అక్కడ మన విశాఖలో లాగా కాళ్ళు కూరుకుపోయే ఇసక ఉండదు, ఎక్కువగా గులకరాళ్ళే. చెప్పులు లేకుండా నడిస్తే తెలిసొస్తుంది. ఎదురుగా ‘ఐల్ ఆఫ్ వైట్’ అనే పెద్ద దీవి నీలంగా కనిపిస్తూ ఉంటుంది. రంగురంగుల బుల్లి గదులు, పిల్లల రంగులరాట్నాలు, చేపల వేపుడు దుకాణాలు అన్నీ ఉన్నాయి. వీటన్నిటికంటే ముందు నా కళ్ళు నీళ్ళ మీదికి పోయాయి. గులాబీ, పసుపు, ఆకుపచ్చ తెరచాపలు! పడవలు కావు. ఒక్కో పలక మీద ఒక్కో మనిషి నిలబడి, తెరచాపని రెండు చేతులా పట్టుకుని, వెనక్కి వాలి, నీళ్ళ మీద జారిపోతున్నారు. దండెం మీద ఆరేసిన చీర గాలికి ఎగిరిపోబోతుంటే పట్టుకుని వేలాడతాం చూడండి, అచ్చం అలాగే. దీన్ని విండ్‌సర్ఫింగ్ అంటారు.

ఈ ఆటకీ ఈ దీవికీ ఒక చుట్టరికం ఉంది. 1958లో పీటర్ చిల్వర్స్ అనే కుర్రాడు, వయసు పన్నెండేళ్ళు, హేలింగ్ దీవిలో ఒక సముద్రపు పాయ దగ్గర ఆడుకోవడానికి తనకు తనే ఒక వింత బోర్డు చేసుకున్నాడు. ఏం పెట్టి చేశాడనుకున్నారు? ఒక ప్లైవుడ్ చెక్క, డేరా మీద కప్పే గుడ్డ, ఒక కర్ర, కొన్ని కర్టెన్ రింగులు. అంతే సరంజామా! ఇంట్లో కర్టెన్లు జారిపోతుంటే ఆ తల్లి ఏమందో ఎవరూ రాయలేదు గానీ, మనకి ఊహించడం కష్టం కాదు. కుర్రాడు మాత్రం సెలవు రోజుల్లో ఆ పాయలో అందరూ చూస్తుండగానే తిరిగాడు. పెద్దయ్యాడు, బోర్డు మర్చిపోయాడు.

సముద్రాల అవతల అమెరికాలో ఇంకో కథ నడిచింది. పెన్సిల్వేనియాలో న్యూమన్ డార్బీ అనే సైన్‌బోర్డులు రాసే ఆయన తెరచాప బోర్డు ఒకటి తయారుచేశాడు. భార్య నయోమీ కూడా ఆ పనిలో తోడు నిలిచింది. 1965 ఆగస్టు ‘పాపులర్ సైన్స్’ పత్రికలో దాని సంగతి ఆయనే రాశాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు. కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్ అనే విమానాల ఇంజనీరు, హోయిల్ ష్వైట్జర్ అనే వ్యాపారస్థుడు కలిసి తమ నమూనా చేసి, 1968లో పేటెంటుకి దరఖాస్తు పెట్టారు. వాళ్ళే దీన్ని లోకానికి తెలిసేలా చేశారు. నెదర్లాండ్స్‌లో టెన్ కేట్ అనే బట్టల కంపెనీ లైసెన్సు తీసుకుని బోర్డులు చేయడంతో 1970లలో యూరప్ అంతా ఈ ఆట పిచ్చిలో పడింది.

అప్పుడొచ్చింది తగువు. ఇంగ్లండులో టేబర్ మెరీన్ అనే కంపెనీ లైసెన్సు లేకుండా బోర్డులు అమ్ముతోందని పేటెంటు వాళ్ళు కోర్టుకెక్కారు. టేబర్ వాళ్ళ లాయర్లు ఎక్కడెక్కడో వెతికి, చిల్వర్స్‌ని పట్టుకున్నారు. ‘మీ కంటే పదేళ్ళ ముందే ఒక పిల్లాడు హేలింగ్‌లో బహిరంగంగా ఈ ఆట ఆడాడు, మీది కొత్త ఎలా అవుతుంది?’ అని వాదించారు. పేటెంటులో తెరచాపకి రెండు పక్కలా వంపు తిరిగిన కర్రలుంటాయని ఉంది. పిల్లాడివి తిన్నటి కర్రలు. అయితే గాలికి ఆ తిన్నటి కర్రలూ వంపు తిరుగుతాయి కదా అన్నారు జడ్జీలు. డార్బీ రాసిన వ్యాసం కూడా లెక్కలోకి వచ్చింది. పేటెంటు చెల్లదని తీర్పు. 1985 లా రిపోర్టుల్లో ఈ కేసు అచ్చయింది. ఒక వస్తువు నిజంగా కొత్తదా, ఎవరికైనా తట్టేదేనా అని తేల్చే పద్ధతికి ఇంగ్లండులో ‘విండ్‌సర్ఫింగ్ పరీక్ష’ అనే పేరు పడింది, లా చదివేవాళ్ళు ఇప్పటికీ బట్టీ పడతారు. పన్నెండేళ్ళ కుర్రాడి సెలవుల ఆట పెద్ద కంపెనీ హక్కుని కొట్టేసిందన్నమాట! డ్రేక్, ష్వైట్జర్లు ఎవరి దగ్గరా దొంగిలించారని నేననను. వాళ్ళు హేలింగ్ పేరు కూడా విని ఉండరు. అక్కరలాంటిది ఉంటే ఒకే ఆలోచన నలుగురికి నాలుగు చోట్ల పుడుతుంది. మన ఊళ్ళల్లో ఒకే పచ్చడి నాలుగిళ్ళల్లో నాలుగు పేర్లతో ఉండదూ?

ఇదంతా ఒక ఎత్తు. మా అమ్మాయి సంగతి ఇంకో ఎత్తు.

పెళ్ళికి ముందు ఈత పోటీల్లో కప్పులు తెచ్చుకున్న పిల్ల. ఇద్దరు పిల్లలు పుట్టాక నీళ్ళ జోలికే పోలేదు. నలభై దాటాక ఈ తెరచాప ఆట నేర్చుకుంటానని సరదా పడింది. అల్లుడుగారు ఎవరో అమ్ముతుంటే ఒక సెకండ్ హ్యాండ్ బోర్డు తెచ్చారు. పొట్టిది, అందమైనది, ఎగిరే చేపలా ఉంది. దాని మీద నిలబడితే ఒకటే మునక. ఒక వేసవి అంతా పడటం, లేవడం, మోకాళ్ళు గీరుకోవడం. చివరికి ‘నా వల్ల కాదమ్మా, వయసైపోయింది, ఒళ్ళు బరువెక్కింది’ అని ఫోన్లో ఏడిచినంత పని చేసింది. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. ఈత పోటీల్లో కప్పులు తెచ్చిన పిల్ల నోట ఆ మాటా!

తప్పు అమ్మాయిది కాదు, ఆ బోర్డుది. హేలింగ్ ఒడ్డున ఈ ఆట నేర్పే ఒక పెద్దావిడ పది నిమిషాల్లో లెక్క చెప్పేసింది. వంటింటి లెక్కే, వినండి.

నిండు బిందెలో చెంబు ముంచితే ఎన్ని నీళ్ళు పొర్లుతాయో అంత బరువుని నీళ్ళు మోస్తాయి. ఒక లీటరుకి ఒక కిలో. బోర్డు సైజుని లీటర్లలో చెప్పేది అందుకే. ఆ పొట్టి బోర్డు 80 లీటర్లు. అమ్మాయి 60 కిలోలు, బోర్డు 7, తెరచాప సరంజామా 8. మొత్తం 75. ఇక మిగిలింది 5 లీటర్లు! కాస్త పక్కకి ఒరిగితే చాలు, మడమల దాకా నీళ్ళు. అలాంటి బోర్డు గట్టిగాలికి వేగం అందుకున్నప్పుడు నీళ్ళ పైకి లేచి పరుగెత్తుతుంది, అప్పుడే దానికి ప్రాణం వస్తుంది. గాలి లేనప్పుడు అది ఉత్త చెక్క.

పాతకాలపు బోర్డు అలా కాదు. పన్నెండు అడుగుల పొడవు, రెండొందల లీటర్ల పైమాటే. దాని మీద ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకున్నా తేలుతుంది. మధ్యలో కిందికి దించే ఒక పలక ఉంటుంది, గాలి పక్కకి నెట్టేయకుండా అది ఆపుతుంది. పొడుగ్గా, సన్నగా ఉండటంతో ముఖానికి తగిలీ తగలనట్టున్న పిల్లగాలికి కూడా నెమ్మదిగా జారుతుంది. తెరచాప నీళ్ళల్లో పడితే తాడు పట్టి లాగాలి, నూతిలో చేద తోడినట్టు. చేతులతో కాకుండా ఒంటి బరువుతో వెనక్కి వాలి లాగితే నడుం పట్టదు. స్తంభాన్ని ముందుకి వంచితే బోర్డు గాలికి దూరంగా తిరుగుతుంది, వెనక్కి వంచితే గాలి వైపు తిరుగుతుంది. చుక్కాని లేదు. స్తంభం అడుగున అన్ని వైపులా వంగే కీలు ఒకటి ఉంటుంది, కిటుకంతా దాంట్లోనే ఉంది.

1980లు, 90లు వచ్చేసరికి కంపెనీలు పొట్టి బోర్డుల వెంట పడ్డాయి. ఫొటోల్లో అలల మీద ఎగిరే కుర్రాళ్ళు బాగుంటారు కదా! గట్టిగాలి ఉన్న రోజే ఆట, మిగతా రోజులు ఒడ్డున కూర్చోవడం. పైగా గాలికో తెరచాప, సైజుకో బోర్డు కొనాలి. ఆదివారం పిల్లల్ని వెంటేసుకుని వచ్చే సంసారులు ఎన్నాళ్ళు కొంటారు? మెల్లగా మానేశారు. ఆటని అమ్ముకునేవాళ్ళే ఆటని ఇంటి మనుషుల చేతుల్లోంచి లాగేశారని నాకనిపిస్తుంది. పొడుగు బోర్డు మీద ఆడవాళ్ళు సాధించింది తక్కువేం కాదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళకి ఈ పోటీ పెడితే న్యూజిలాండ్ అమ్మాయి బార్బరా కెండాల్ బంగారం తెచ్చింది. 1996లో హాంకాంగ్‌కి చరిత్రలో మొదటి ఒలింపిక్ బంగారు పతకం తెచ్చింది లీ లాయ్ షాన్. చుంగ్ చౌ అనే చిన్న దీవిలో పెరిగిన పిల్ల ఆవిడ. ఈమధ్య కాలంలో పొడుగు బోర్డులకి మళ్ళీ మంచి రోజులొచ్చాయి. పాత విండ్‌సర్ఫర్‌నే తేలిక చేసి ‘ఎల్‌టి’ అనే పేరుతో మళ్ళీ తెచ్చారు. 230 లీటర్లు, బరువు 15 కిలోలు.

మా అమ్మాయికి ఆ పెద్దావిడ సలహా ఏమిటంటే, కొత్తది కొనకు, ఎవరి గ్యారేజీలోనో ధూళి పట్టి ఉన్న ముప్పై నలభై ఏళ్ళ నాటి పొడుగు బోర్డు వెతుక్కో అని. దొరికింది. ఒకావిడ దాదాపు ఊరికే ఇచ్చేసింది, గ్యారేజీ ఖాళీ అయితే చాలంది. పాలిథీన్ బోర్డు, అంటే మన మేడల మీద నల్లటి నీళ్ళ ట్యాంకులు ఉంటాయే, ఆ జాతి ప్లాస్టిక్. లోపల నురుగు నింపి ఉంటుంది. బరువెక్కువే గానీ రాళ్ళకి కొట్టుకున్నా చెక్కు చెదరదు. నేను గులకరాళ్ళ మీద కూర్చుని చూస్తుండగానే ఆ రోజు పిల్లగాలికి అమ్మాయి నిలబడింది, తెరచాప ఎత్తింది, ఒక వంద గజాలు వెళ్ళింది, తిరిగొచ్చింది. మనవడు ఒడ్డున గంతులు. నాకు మాత్రం కళ్ళు చెమర్చి తెరచాప రంగు కూడా సరిగ్గా కనిపించలేదు.

ఇక మనవడు ఊరుకుంటాడా? వాడికీ పన్నెండేళ్ళే. చిల్వర్స్ కథ విన్న రోజు నుంచీ తనే బోర్డు చేసుకుంటానని పట్టు. ఇంగ్లీషువాళ్ళకి ఈ ఇంటి పనుల సరదా ఎక్కువే. 1963లో ‘డైలీ మిర్రర్’ పత్రిక వాళ్ళు సామాన్యులు ఇంట్లోనే చేసుకునే పడవని తెచ్చారు, ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. ఎర్ర తెరచాపల ఆ మిర్రర్ పడవలు డెబ్భై వేలకి పైగా తయారయ్యాయి. చేసే పద్ధతి వింటే మీకు నవ్వొస్తుంది. ప్లైవుడ్ ముక్కలు కత్తిరించి, అంచుల్లో కన్నాలు పెట్టి, రాగి తీగతో టాకాలు వేస్తారు. జాకెట్టు ముక్కలకి ముందు టాకాలు వేసుకుని తర్వాత మిషను కుట్టు వేస్తామే, అదే పద్ధతి! కుట్టు మీద గాజు నార పట్టీ, దాని మీద రెజిన్ పూస్తే అతుకు గట్టిపడుతుంది.

బోర్డుకి రెండు దారులున్నాయి. ఒకటి నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో లోపల బోలుగా పెట్టెలా చేయడం. ప్లైవుడ్ నీళ్ళకి తట్టుకునే రకమే కావాలి. బల్లలకి వాడే మామూలుది పొరలు విడిపోతుంది. షీటు ఎనిమిది అడుగులే కాబట్టి పన్నెండు అడుగులకి అతుకు పడుతుంది. బోలు బోర్డు ఎండలో ఉంటే లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది, అతుకులు విడతాయి. అందుకని చిన్న మర బిరడా ఒకటి పెట్టి, ఒడ్డుకి రాగానే తిప్పి తీసేయాలి.

రెండోది థర్మోకోల్. అదే, ఫ్రిజ్ కొంటే అట్టపెట్టెలో వచ్చే తెల్లటిది. 230 లీటర్ల బోర్డుకి కావలసిన థర్మోకోల్ మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలే తూగుతుంది! దాన్ని ఆకారానికి కోసి, గీరి, పైన గాజు నార గుడ్డ పరిచి రెజిన్ పూయాలి. ఇక్కడే జాగ్రత్త. చౌకగా దొరికే పాలిస్టర్ రెజిన్ థర్మోకోల్‌ని వేడి పెనం మీద వెన్నలా కరిగించేస్తుంది. దీనికి ఎపాక్సీ రెజినే వాడాలి. ఖరీదు ఎక్కువే, తప్పదు. అది చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి, ఒకసారి పడకపోతే జన్మంతా పడదు. చేతులకి తొడుగులు, తలుపులన్నీ బార్లా తీసి ఉండాలి. వంటింట్లో మాత్రం వద్దు. గట్టిపడ్డాక గీరేటప్పుడు వచ్చే పొడి పీల్చకూడదు, ముక్కుకి మాస్కు ఉండాల్సిందే.

ఈ థర్మోకోల్ సంగతి వినగానే నాకు విశాఖ రేవు గుర్తొచ్చింది. మన బెస్తవాళ్ళ తెప్పలు ఒకప్పుడు దుంగలు తాళ్ళతో కట్టినవి. దుంగలు ప్రియమయ్యాక ఫైబర్ తెప్పలొచ్చాయి, పైన ఫైబర్ తొడుగు, లోపల థర్మోకోల్. అలల్లో తిరగబడినా మునగవు. ఇంగ్లండులో సరదాకి వాడే సరుకే మన దగ్గర కూటికి పనికొస్తోంది. ఆ తెప్ప కట్టే మనిషిని పిలిస్తే బోర్డు చిటికెలో చేసేస్తాడనిపించింది.

తెరచాప నా వాటా. టార్పాలిన్ పట్టాతో కుట్టొచ్చని అల్లుడుగారు కాగితం మీద గీసిచ్చారు. నేను కుడతానంటే అందరూ నవ్వారు గానీ, సూక్ష్మం కనిపెట్టింది నేనే. పట్టాని ఉన్నదున్నట్టు బల్లపరుపుగా కుడితే గాలి పట్టదు. ముక్కల అంచులు కొద్దిగా వంపు కోసి కలిపితే మధ్యలో పొట్ట వస్తుంది, జాకెట్టుకి డాట్లు పెట్టినట్టన్నమాట. తెరచాపలు కుట్టేవాళ్ళు చేసేదీ ఇదేనట. స్తంభానికి అల్యూమినియం గొట్టం సరిపోయింది. అడుగున వంగే కీలు మాత్రం షాపులో మంచిదే కొన్నాం. నడిసముద్రంలో అది ఊడితే తెరచాప ఒకచోట, మనిషి ఒకచోట. పిసినారితనం అక్కడ పనికిరాదు, తేలే జాకెట్టు దగ్గరా పనికిరాదు.

థర్మోకోల్ బోర్డు పూర్తయ్యేసరికి ఏడు వారాంతాలు పట్టింది. ఒక పక్క కొంచెం వంకర, బరువు 19 కిలోలు. తేలింది! మనవడి కంటే ముందు వాళ్ళమ్మే ఎక్కింది.

మీరెవరైనా వెళితే మే నుంచి సెప్టెంబరు లోపల వెళ్ళండి. వేసవిలో కూడా నీళ్ళు చల్లగానే ఉంటాయి, పిల్లలకి రబ్బరు సూట్లు తప్పనిసరి. పోటు ఎప్పుడో, ఆటు ఎప్పుడో ముందే చూసుకోవాలి, పోటుకీ పోటుకీ మధ్య దాదాపు పన్నెండున్నర గంటలు. ఒడ్డు నుంచి సముద్రం లోపలికి గాలి వీస్తుంటే నేర్చుకునేవాళ్ళు నీళ్ళల్లోకి దిగనే కూడదు, వెళ్ళడమే గానీ రావడం ఉండదు. తిరుగు ప్రయాణానికి వంతెన మీదుగా రాకుండా దీవి పడమటి కొస నుంచి చిన్న ఫెర్రీ ఎక్కితే నేరుగా పోర్ట్స్‌మత్ వైపు ఈస్ట్‌నీలో దిగొచ్చు. 2015లో అది ఆగిపోయింది, 2016లో మళ్ళీ మొదలైంది. బయల్దేరేముందు నడుస్తోందో లేదో కనుక్కోండి. శాకాహారులకి అక్కడ బంగాళాదుంపల వేపుడు తప్ప పెద్దగా ఏమీ దొరకదు, దాన్ని కూడా చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తారేమో అడగాలి. మేం చింతపండు పులిహోర, మాగాయ పెరుగుపచ్చడి కట్టుకెళ్ళాం. ఉప్పుగాలికి ఆకలి రెట్టింపు అవుతుంది, మనిషికి ఒకటిన్నర వంతు లెక్కన కలుపుకోండి. డబ్బా మూత తీసేముందు ఒకసారి తలెత్తి చూడండి, హేలింగ్ సముద్రపు కొంగలకి భయం, మొహమాటం రెండూ లేవు.